మనాలి - లేహ్ సైకిలు యాత్ర

మనాలి - లేహ్ సైకిలు యాత్ర అనగా హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రంలోని మనాలి పట్టణం నుండి లడఖ్ కేంద్రపాలిత ప్రాంతంలోని లేహ్ పట్టణం వరకు, హిమాలయాల ఎత్తైన కనుమల మీదుగా సైకిలుపై సాగించే ప్రయాణం. రోహ్‌తాంగ్ కనుమ మీదుగా వెళ్ళే పాత దారిలో దీని పొడవు సుమారు 475 కిలోమీటర్లు. మనాలి సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున, లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అయితే ఈ రెండింటి మధ్య దారి నాలుగు వేల మీటర్లకు పైన చాలా దూరం సాగి, రెండుచోట్ల ఐదు వేల మీటర్లను దాటుతుంది. సైకిలు యాత్రికులు సాధారణంగా ఎనిమిది నుండి పన్నెండు రోజులలో దీనిని పూర్తిచేస్తారు.

చూసేవారికి ఇది కండబలానికి పరీక్షగా కనిపిస్తుంది. నిజానికి ఈ దారిలో ప్రమాదం ఎక్కువగా ఎదురయ్యేది కాళ్ళ అలసట వలన కాదు, పలుచని గాలి వలన. రాత్రి ఏ ఎత్తున నిద్రించాలి, ఎక్కడ ఒక రోజు ఆగాలి, ఏ స్థలం దాటిన తరువాత వెనుకకు మరలడం కష్టమవుతుంది అన్న మూడు విషయాలను ముందుగా తెలుసుకొని బయలుదేరితే సాధారణ ఆరోగ్యం గలవారు కూడా ఈ యాత్ర చేయగలరు. తెలియకుండా బయలుదేరితే బలిష్ఠుడైన యువకునికి కూడా ప్రాణాపాయం కలుగవచ్చు.

సరిహద్దు ప్రాంతంలో రహదారి

లడఖ్ ప్రాంతం తూర్పున టిబెట్‌తోను, ఉత్తర, పశ్చిమ దిక్కులలో పాకిస్తాన్ అధీనంలో ఉన్న ప్రాంతాలతోను హద్దు కలిగి ఉన్నది. పూర్వం కులు, లాహుల్ లోయల నుండి లడఖ్, టిబెట్‌లకు బారాలాచా కనుమ మీదుగా వర్తకులు గుర్రాలు, గొర్రెల మందలతో ప్రయాణించేవారు. ఉన్ని, ఉప్పు, ధాన్యం ముఖ్యమైన సరుకులు. గొర్రెలు, మేకల వీపున చిన్న చిన్న సంచులు కట్టి ఉప్పును, ధాన్యాన్ని తరలించేవారు. బ్రిటీషు పాలనా కాలంలో దార్చా పైనున్న పత్సియో వద్ద వేసవిలో వర్తకుల సంత జరిగేది.

ఈ ప్రాంతంలో మోటారు రహదారుల అవసరం ప్రధానంగా దేశ రక్షణ కోసం ఏర్పడింది. సరిహద్దు రహదారుల సంస్థ 1960 మే 7న ఏర్పడింది. 1962లో చైనాతో యుద్ధం జరిగిన తరువాత లడఖ్‌కు రహదారుల ప్రాముఖ్యం మరింత పెరిగింది. శ్రీనగర్ నుండి లేహ్ వెళ్ళే రహదారి కార్గిల్ వద్ద నియంత్రణ రేఖకు దగ్గరగా సాగుతుంది. 1999 కార్గిల్ యుద్ధంలో ఆ రహదారి ఫిరంగి కాల్పులకు గురికావడంతో, నియంత్రణ రేఖకు దూరంగా ఉన్న మనాలి - లేహ్ మార్గం విలువ అందరికీ తెలిసివచ్చింది. లేహ్ కేంద్రంగా రహదారులను నిర్మించే హిమాంక్ ప్రాజెక్టు 1985లో ఏర్పడింది.

రహదారి సైన్యం కోసం నిర్మించినది కావడం సైకిలు యాత్రికునికి ఒక విధంగా మేలు చేసింది. బరువైన సైనిక లారీలు ఎక్కవలసి ఉన్నందున దారి వాలు మరీ నిటారుగా ఉండదు. ఉదాహరణకు, మనాలి నుండి రోహ్‌తాంగ్ వరకు 51 కిలోమీటర్ల దూరంలో సుమారు 1,900 మీటర్ల ఎత్తు ఎక్కవలసి ఉంటుంది. అనగా ప్రతి 100 మీటర్ల దూరానికి సగటున నాలుగు మీటర్ల కంటె తక్కువ ఎత్తు. తగిన గేర్లు ఉన్న సైకిలుతో ఇటువంటి వాలును నిదానంగా ఎక్కవచ్చు.

విదేశీ, స్వదేశీ పర్యాటకులకు లడఖ్‌ను 1974లో తెరిచారు. 2019 అక్టోబరు 31న లడఖ్ కేంద్రపాలిత ప్రాంతమైంది. 2020 అక్టోబరు 3న రోహ్‌తాంగ్ క్రింద 9.02 కిలోమీటర్ల పొడవు గల అటల్ సొరంగాన్ని ప్రారంభించారు. దీనివలన మనాలి - లేహ్ మధ్య వాహనాల దూరం 46 కిలోమీటర్లు తగ్గింది. 2024 మార్చిలో దార్చా నుండి శింకు లా, పదుం మీదుగా నిమ్మూ చేరే 298 కిలోమీటర్ల మరో మార్గం కూడా కలిసింది.

మార్గ స్వరూపం

లడఖీ, టిబెటన్ భాషలలో "లా" అంటే కనుమ. మనాలి నుండి బయలుదేరిన యాత్రికుడు వరుసగా ఈ ముఖ్య కనుమలను దాటుతాడు.

* రోహ్‌తాంగ్ - 3,978 మీ. కులు లోయకు, లాహుల్ లోయకు మధ్య హద్దు.
* బారాలాచా లా - సుమారు 4,890 మీ.
* నకీ లా - గాటా మలుపుల పైన ఉన్న కనుమ.
* లాచులుంగ్ లా - సుమారు 5,065 మీ.
* తంగ్‌లాంగ్ లా - సుమారు 5,328 మీ. ఈ మార్గంలో అన్నిటికంటె ఎత్తైనది.

రోహ్‌తాంగ్‌కు దక్షిణాన దేవదారు అడవులు, పచ్చిక బయళ్ళు, వర్షాకాలపు బురద ఉంటాయి. కనుమ దాటగానే చెట్లు తగ్గిపోతాయి. ఋతుపవన మేఘాలను పర్వతశ్రేణులు అడ్డుకొనడమే ఇందుకు కారణం. లేహ్‌లో సంవత్సరానికి సగటున సుమారు 100 మిల్లీమీటర్ల వర్షపాతం మాత్రమే నమోదవుతుంది. ఒకే వారంలో యాత్రికుడు తడి అడవి నుండి శీతల ఎడారికి చేరుకుంటాడు.

లాహుల్‌లో దారి మొదట చంద్రా నది వెంట సాగుతుంది. తాండి వద్ద చంద్రా, భాగా నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. దిగువన దీనినే చీనాబ్ అంటారు. తాండి పెట్రోలు బంకు వద్ద తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని తెలిపే బోర్డు చాలాకాలం ప్రయాణికుల మధ్య ప్రసిద్ధి పొందింది. సైకిలుకు పెట్రోలు అవసరం లేకపోయినా, ముందున్న ప్రాంతం ఎంత నిర్జనమో ఆ బోర్డు తెలియజెప్పేది. తాండి తరువాత కేలాంగ్, జిస్పా, దార్చా ఊళ్ళు వస్తాయి. దార్చా దాటిన తరువాత లడఖ్‌లోని రుంసే చేరేవరకు శాశ్వత గ్రామాలు దారి పక్కన లేవు. వేసవిలో వెలిసే గుడారాలు, సైనిక శిబిరాలు, రహదారి కూలీల నివాసాలు మాత్రమే ఉంటాయి.

దార్చా నుండి దారి భాగా నది వెంట పత్సియో, జింగ్‌జింగ్‌బార్‌ల మీదుగా పైకి సాగి, ఆ నదికి పుట్టుక స్థానమైన సూరజ్ తాల్ సరస్సును చేరుతుంది. దాని పైనే బారాలాచా లా. కనుమ దిగితే సర్చు మైదానం. హిమాచల్ ప్రదేశ్, లడఖ్‌ల హద్దు ఇక్కడే ఉన్నది. సర్చు తరువాత గాటా మలుపులు వస్తాయి. కొండ ముఖం మీద పాములా మెలికలు తిరుగుతూ 21 మలుపులతో దారి సుమారు 450 మీటర్లు పైకి లేస్తుంది. నకీ లా, లాచులుంగ్ లా దాటి దిగితే పాంగ్ గుడారాలు. పాంగ్ పైన సుమారు 40 కిలోమీటర్ల పొడవైన మోరే మైదానం, దాని చివర తంగ్‌లాంగ్ లా ఉన్నాయి. అక్కడి నుండి దారి రుంసే, గ్యా గ్రామాల మీదుగా దిగి ఉప్షి వద్ద సింధు నదిని కలుస్తుంది. సింధు లోయలో బౌద్ధ స్తూపాలు, బార్లీ పొలాలు చూస్తూ యాత్రికుడు లేహ్ చేరుకుంటాడు.

ఎత్తు - శరీరం

ఎత్తుకు పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. ఎంత ఎత్తున ఉన్నా గాలిలో ఆక్సిజన్ భాగం సుమారు 21 శాతమే. తగ్గేది వాతావరణ పీడనం. 3,500 మీటర్ల ఎత్తున పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. 5,000 మీటర్ల వద్ద సగం కంటె కొద్దిగా ఎక్కువ. కాబట్టి ఒక్కొక్క శ్వాసలో ఊపిరితిత్తులకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

శరీరం దీనికి అలవాటు పడగలదు. మొదట శ్వాస, గుండె వేగం పెరుగుతాయి. కొద్ది రోజులలో మూత్రపిండాలు రక్తంలోని క్షార గుణాన్ని సరిచేస్తాయి. కొన్ని వారాలలో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. అయితే ఇవన్నీ సమయం తీసుకుంటాయి. ఆ సమయం ఇవ్వకుండా పైకి పోతే తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. దీనినే తీవ్ర పర్వత వ్యాధి అంటారు. ఇది 2,500 మీటర్లకు పైన ఎవరికైనా రావచ్చు. లక్షణాలను లెక్కచేయక ఇంకా పైకి ఎక్కితే ఊపిరితిత్తులలో నీరు చేరడం గాని, మెదడు వాచడం గాని జరగవచ్చు. ఈ రెండూ ప్రాణాంతకమైనవి. విశ్రాంతిలో కూడా ఆయాసం, ఎడతెగని దగ్గు, నురగతో కూడిన కఫం మొదటిదానికి గుర్తులు. తూలుతూ నడవడం, మాట తడబడడం, అయోమయం రెండవదానికి గుర్తులు.

ఈ వ్యాధి పరిశోధనకు హిమాలయ సరిహద్దుతో దగ్గరి సంబంధం ఉన్నది. 1962 యుద్ధ కాలంలో మైదాన ప్రాంతాల నుండి సైనికులను హఠాత్తుగా ఎత్తైన స్థలాలకు తరలించవలసి వచ్చింది. వారిలో అనేకులు శత్రువుల గుళ్ళకు కాక ఎత్తుకే అస్వస్థులైనారు. ఇందర్ సింగ్, ఆయన సహచర సైనిక వైద్యులు 1,925 మంది సైనికులలో ఈ వ్యాధి లక్షణాలను పరిశీలించి 1969లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించిన వ్యాసం ఈ విషయంలో ప్రామాణిక రచనలలో ఒకటిగా నిలిచింది. శిక్షణ పొందిన యువ సైనికులకే ఇది తప్పలేదన్న విషయం సైకిలు యాత్రికులు గమనించదగినది. శరీర దార్ఢ్యం ఎత్తు నుండి రక్షణ ఇవ్వదు. పైగా బలవంతులు వేగంగా ఎక్కి త్వరగా ప్రమాదంలో పడే అవకాశం ఉన్నది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వెళ్ళేవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కలదు. తూర్పు కనుమలలోని అత్యున్నత శిఖరాలు సైతం 1,700 మీటర్లకు లోపే ఉన్నాయి. అరకు, లంబసింగి ఘాట్‌లలో ఎంత సాధన చేసినా కాళ్ళకు బలం వస్తుందే గాని, ఎత్తుకు తమ శరీరం ఎట్లా స్పందిస్తుందో ముందుగా తెలిసే వీలు లేదు. అందువలన ఆ పరీక్ష మనాలి పైనే మొదలవుతుందని తెలుసుకొని అదనంగా రెండు మూడు రోజులు కేటాయించుకోవాలి.

రెండు కనుమల మధ్య చిక్కు

పర్వత వ్యాధికి ప్రధానమైన చికిత్స క్రిందికి దిగడం. కొన్ని వందల మీటర్లు దిగినా రోగి తేరుకోవడం సాధారణం. మందులు, ఆక్సిజన్ ఆ దిగుదలకు సహాయపడేవే గాని దానికి బదులు కావు.

మనాలి - లేహ్ మార్గంలోని అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. సాధారణంగా కొండ ఎక్కేవాడు వెనుదిరిగితే దిగుతాడు. ఈ దారిలో బారాలాచా లా దాటిన తరువాత పరిస్థితి అట్లా ఉండదు. సర్చు సుమారు 4,290 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ రాత్రి జబ్బుపడినవాడు వెనుకకు కేలాంగ్ వైపు దిగాలంటే ముందు 600 మీటర్లు ఎక్కి బారాలాచా లా దాటాలి. పాంగ్ సుమారు 4,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి వెనుకకు పోవాలంటే లాచులుంగ్ లా, ముందుకు పోవాలంటే తంగ్‌లాంగ్ లా అడ్డు. రెండూ ఐదు వేల మీటర్లకు పైన ఉన్నవే. అనగా దిగవలసిన రోగిని ముందుగా పైకి తీసుకుపోక తప్పదు. బావి లోపలి మెట్టు మీద ఉన్నవాడు ఎటు పోవాలన్నా గట్టు దాటవలసినట్లే ఇది.

కాబట్టి ముఖ్యమైన నిర్ణయం జింగ్‌జింగ్‌బార్‌లో, అనగా బారాలాచా లా ఎక్కక మునుపే తీసుకోవాలి. అక్కడ ఉదయం లేచినప్పుడు తలనొప్పి, వికారం ఉన్నట్లయితే కనుమ ఎక్కకూడదు. అక్కడి నుండి వెనుకకు దార్చా వరకు దారి అంతా దిగుడే. సైకిలు తొక్కే పని కూడా లేకుండా దాదాపు 900 మీటర్లు దిగవచ్చు. కనుమ దాటిన తరువాత ఆ సౌకర్యం ఉండదు. ఆవల జబ్బు తీవ్రమైతే వాహనం తప్ప మార్గాంతరం లేదు. తొక్కుతూ కనుమ దాటే ప్రయత్నం రోగి స్థితిని మరింత దిగజార్చుతుంది. అటువంటి సమయంలో సైకిలును గుడారం వద్ద వదలి, దొరికిన మొదటి లారీలో గాని, జీపులో గాని ప్రయాణం చేయాలి. దారిలోని సైనిక శిబిరాలలో అత్యవసర సహాయం కోరవచ్చు. కేలాంగ్, లేహ్ పట్టణాలలో జిల్లా స్థాయి ఆసుపత్రులు ఉన్నాయి.

నిద్రించే ఎత్తు - ప్రయాణ ప్రణాళిక

వైద్యులు సూచించే సాధారణ నియమం ఇది: 3,000 మీటర్లకు పైన, ముందు రాత్రి నిద్రించిన ఎత్తు కంటె 500 మీటర్లకు మించి పైన మరుసటి రాత్రి నిద్రించకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు విశ్రమించాలి. పగటిపూట ఎంత ఎత్తు చేరారన్న దానికంటె రాత్రి ఎంత ఎత్తున నిద్రించారన్నది ముఖ్యం.

దార్చా (సుమారు 3,360 మీ.) నుండి ఒకే రోజున బారాలాచా లా దాటి సర్చు చేరడం బలమైన యాత్రికునికి సాధ్యమే. అయితే నిద్రించే ఎత్తు ఒక్కసారిగా 900 మీటర్లకు పైగా పెరుగుతుంది. సర్చులో అనేకులు అస్వస్థులు కావడానికి ఇది ముఖ్య కారణం. ఈ నియమాన్ని వీలైనంత పాటించే ఒక ప్రణాళిక క్రింది విధంగా ఉంటుంది. ఎత్తులు సుమారుగా ఇవ్వబడినవి.

* మొదటి, రెండవ రోజులు: మనాలి నుండి బయలుదేరి, రోహ్‌తాంగ్ క్రింద మఢీ (3,300 మీ.) వద్ద ఒక రాత్రి. మరునాడు కనుమ దాటి లాహుల్ లోయలోని సిస్సు (3,100 మీ.).
* మూడవ రోజు: కేలాంగ్ (3,080 మీ.) లేదా జిస్పా (3,200 మీ.).
* నాలుగవ రోజు: అక్కడే విశ్రాంతి. పగలు కొంత పైకి నడచి తిరిగి దిగడం మంచిది.
* అయిదవ రోజు: పత్సియో (3,800 మీ.).
* ఆరవ రోజు: జింగ్‌జింగ్‌బార్ (4,270 మీ.). దూరం తక్కువ. మిగిలిన పగలంతా విశ్రాంతి.
* ఏడవ రోజు: బారాలాచా లా దాటి సర్చు (4,290 మీ.).
* ఎనిమిదవ రోజు: గాటా మలుపుల పాదం వరకు, లేదా సర్చులోనే విశ్రాంతి.
* తొమ్మిదవ రోజు: నకీ లా, లాచులుంగ్ లా దాటి పాంగ్ (4,600 మీ.).
* పదవ రోజు: మోరే మైదానం మీదుగా డెబ్రింగ్.
* పదకొండవ రోజు: తంగ్‌లాంగ్ లా దాటి రుంసే (4,200 మీ.).
* పన్నెండవ రోజు: ఉప్షి మీదుగా లేహ్.

జింగ్‌జింగ్‌బార్, సర్చుల ఎత్తులు దాదాపు సమానం. కనుక కనుమ దాటే రోజున నిద్రించే ఎత్తు పెరగదు. ఈ ప్రణాళికకు బలం ఈ ఒక్క విషయంలోనే ఉన్నది.

విమానంలో నేరుగా లేహ్ చేరి, అక్కడి నుండి మనాలికి రావాలనుకునేవారు ఒక్క గంటలో మైదానం నుండి 3,500 మీటర్లకు చేరుకుంటారు. అటువంటివారు మొదటి రెండు మూడు రోజులు సైకిలు ముట్టకుండా విశ్రాంతి తీసుకోవడం అవసరం. అసిటజోలమైడ్ అనే మందు శరీరం ఎత్తుకు అలవాటు పడడానికి తోడ్పడుతుంది. ఇది అందరికీ సరిపడదు గనుక, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు, వైద్యుని సలహా లేకుండా వాడకూడదు.

వాతావరణం, వాగులు

రహదారి సాధారణంగా మే నెలలో గాని జూన్‌లో గాని తెరుచుకుని, అక్టోబరు, నవంబరులలో మంచు కురిసే వరకు ఉంటుంది. సైకిలు యాత్రకు జూన్ చివరి నుండి సెప్టెంబరు మధ్య వరకు అనువైన కాలం. అప్పుడు కూడా సర్చు, పాంగ్‌ల వద్ద రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోవచ్చు. ఆగస్టులో సైతం కనుమల మీద మంచు కురవడం కద్దు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది. నల్ల కళ్ళద్దాలు, చేతులను, మెడను కప్పే దుస్తులు అవసరం.

దారిని అడ్డంగా దాటే మంచునీటి వాగులను స్థానికంగా నాలా అంటారు. రాత్రి చలికి హిమం కరగడం ఆగి, తెల్లవారే సమయానికి ఇవి చీలమండ లోతున ఉంటాయి. పగలంతా ఎండకు మంచు కరిగి, మధ్యాహ్నానికి మోకాలి వరకు పెరిగి సైకిలును లాగివేసే వేగం అందుకుంటాయి. కనుక తెల్లవారుజామునే బయలుదేరి పెద్ద వాగులను ఉదయం దాటడం అనుభవజ్ఞుల పద్ధతి. ఎదురుగాలి కూడా మధ్యాహ్నం తరువాతే ఎక్కువ. మోరే మైదానం చూడడానికి చదునుగా ఉన్నా, ఎదురుగాలి వీస్తున్నప్పుడు దానిని దాటడం కనుమ ఎక్కడం కంటె కష్టమవుతుంది.

వర్షం తక్కువ గదా అని నిర్లక్ష్యం పనికిరాదు. చెట్టు చేమ లేని వాలులలో కొద్దిపాటి వాన కూడా రాళ్ళను, మట్టిని దారిపైకి దింపుతుంది. 2010 ఆగస్టు 5 - 6 తేదీల మధ్య రాత్రి లేహ్ వద్ద సంభవించిన కుంభవృష్టి, బురద వరదలలో రెండు వందలకు పైగా ప్రజలు మరణించారు. వాగు ఒడ్డున, ఎండిన వాగు గర్భంలో గుడారం వేయకూడదు.

సైకిలు, సామగ్రి

ఈ మార్గానికి ఖరీదైన సైకిలు కంటె, తేలికగా ఎక్కే గేరు ఉన్న గట్టి సైకిలు ముఖ్యం. ముందు పళ్ళచక్రం పళ్ళు వెనుకదాని పళ్ళ కంటె తక్కువగా ఉండే గేరు కనీసం ఒకటి ఉండాలి. అప్పుడు పెడలు ఒకసారి తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. వేగం తగ్గినా శ్రమ తగ్గుతుంది.

ఈ శ్రమను సులభంగా లెక్కించవచ్చు. మనిషి, సైకిలు, సామాను కలిసి 100 కిలోగ్రాములనుకుంటే, 1,000 మీటర్లు పైకి చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 9.8 లక్షల జౌళ్ళు. ఎడతెగకుండా 100 వాట్ల సామర్థ్యంతో తొక్కేవానికి ఇందుకు సుమారు రెండు గంటల నలభై మూడు నిమిషాలు పడుతుంది. గాలి, రోడ్డు ఘర్షణ దీనికి అదనం. అయితే 5,000 మీటర్ల వద్ద మనిషి గరిష్ఠ సామర్థ్యం సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. అదే కొండకు మైదానంలో పట్టే సమయం కంటె అక్కడ ఎంతో ఎక్కువ పడుతుంది. పది కిలోల సామాను తగ్గిస్తే పదో వంతు శ్రమ తగ్గుతుందన్న సంగతి కూడా ఈ లెక్క వలన తెలుస్తుంది.

ఎత్తున బయటి పీడనం తగ్గడం వలన టైర్లు పగిలిపోతాయన్న భయం కొందరిలో ఉన్నది. సముద్రమట్టం నుండి 5,000 మీటర్లకు చేరితే టైరులోని పీడనం చదరపు అంగుళానికి సుమారు ఏడు పౌండ్లు మాత్రమే ఎక్కువగా చూపుతుంది. మంచి టైరుకు ఇది లెక్కలోనిది కాదు. నిజమైన శ్రద్ధ అవసరమైనవి బ్రేకులు. కనుమ నుండి దిగేటప్పుడు గంటకు పైగా బ్రేకు వాడవలసి రావచ్చు. అదేపనిగా నొక్కి ఉంచితే అవి వేడెక్కి పట్టు తగ్గుతాయి. కొద్దికొద్దిగా నొక్కి వదలాలి. అదనపు బ్రేకు ముక్కలు, ట్యూబులు, పంక్చరు సామగ్రి, చువ్వలు, గొలుసు లంకెలు వెంట ఉండాలి. కేలాంగ్ దాటితే లేహ్ వరకు సైకిలు విడిభాగాలు దొరుకుతాయని ఆశించరాదు.

భోజనం, వసతి, దారి పక్క మనుషులు

జింగ్‌జింగ్‌బార్, భరత్‌పూర్, సర్చు, పాంగ్, డెబ్రింగ్‌ల వద్ద వేసవిలో గుడారపు హోటళ్ళు వెలుస్తాయి. కొన్నింటికి పాత సైనిక పారాషూట్ గుడ్డలే పైకప్పు. పగలు అన్నం, రాజ్మా, పప్పు, నూడుల్స్, తేనీరు దొరుకుతాయి. రాత్రికి అదే గుడారంలో పరుపు, రజాయి ఇస్తారు. పాంగ్ ఎత్తున నీరు సుమారు 85 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. అందువలన మూత లేని గిన్నెలో బియ్యం ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు. ఇక్కడివారందరూ ప్రెషర్ కుక్కరు వాడడానికి కారణం ఇదే. ఎత్తున ఆకలి మందగిస్తుంది గనుక కొద్దికొద్దిగా పలుమార్లు తినడం, దాహం వేయకపోయినా నీరు త్రాగడం అవసరం.

దారి పొడవునా కనిపించేవారు రహదారి కూలీలు. వీరిలో చాలామంది ఝార్ఖండ్ రాష్ట్రంలోని దుమ్కా ప్రాంతం నుండి, బీహార్, నేపాల్‌ల నుండి ప్రతి వేసవిలో వచ్చేవారు. మైదానాల నుండి వచ్చి, పలుచని గాలిలో రాళ్ళు కొట్టి, తారు కాచి, విరిగిన కొండచరియలు తొలగించేది వీరే. యాత్రికుడు ఒక రోజు దాటిపోయే కనుమ వద్ద వీరు నెలల తరబడి నివసిస్తారు. దారి తెరిచి ఉన్నదంటే అది వీరి శ్రమ ఫలితమే. మోరే మైదానం పక్కనున్న త్సో కర్ సరస్సు పరిసరాలలో చాంగ్పా సంచార పశుపాలకులు యాక్‌లను, పష్మీనా మేకలను మేపుతారు.

ఎత్తైన ఈ శీతల ఎడారిలో చెత్త త్వరగా కుళ్ళిపోదు. ప్లాస్టిక్ సంచులు, ఖాళీ డబ్బాలు తిరిగి లేహ్‌కో, కేలాంగ్‌కో చేర్చడం యాత్రికుల బాధ్యత. చాంగ్పాల మందలు త్రాగే ఊట నీటిలో సబ్బు వాడకూడదు.

నిబంధనలు

మనాలి - లేహ్ రహదారిపై ప్రయాణించడానికి భారతీయులకు సరిహద్దు అనుమతి అవసరం లేదు. లేహ్ నుండి నుబ్రా, పాంగాంగ్, హన్లే వంటి సరిహద్దు సమీప ప్రాంతాలకు వెళ్ళడానికి పూర్వం ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరిగా ఉండేది. భారతీయులకు ఈ నిబంధనను 2021 ఆగస్టులో సడలించారు. విదేశీయులకు మాత్రం రక్షిత ప్రాంత అనుమతి కావాలి. రుసుములు, నియమాలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు లేహ్ జిల్లా యంత్రాంగం ప్రకటనలు చూడాలి. గుర్తింపు పత్రం ఎల్లప్పుడూ వెంట ఉండాలి. వంతెనలు, సైనిక శిబిరాల ఫోటోలు తీయరాదు. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోను వాడడం భారతదేశంలో నేరం. సైనిక లారీల వరుస ఎదురైనప్పుడు సైకిలు దిగి, లోయ వైపున కాక కొండ వైపున నిలబడి దారి ఇవ్వడం క్షేమకరం.

సైకిలుపై పర్వత యాత్రలు

ఎత్తైన దారులలో సైకిలు యాత్రలు కొత్తవి కావు. 1923లో బొంబాయి నుండి బయలుదేరిన పార్శీ యువకులలో ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూంగారా అనే ముగ్గురు సైకిళ్ళపై ప్రపంచాన్ని చుట్టి 1928లో తిరిగివచ్చారు. ఐర్లండు రచయిత్రి డెర్వ్లా మర్ఫీ 1963లో ఒంటరిగా సైకిలుపై భారతదేశానికి వస్తూ ఉత్తర పాకిస్తాన్ పర్వతాలను దాటింది.

లేహ్ చేరిన యాత్రికులలో అనేకులు ఇంకా ఉత్తరాన ఉన్న ఖర్దుంగ్ లా కూడా ఎక్కుతారు. అక్కడి బోర్డు చాలాకాలం 18,380 అడుగుల (5,602 మీ.) ఎత్తును చూపింది. ఆధునిక కొలతల ప్రకారం దాని ఎత్తు సుమారు 5,359 మీటర్లు. ప్రపంచంలో అత్యంత ఎత్తైన మోటారు రహదారిగా దీనికి ఉన్న పేరు సరికాదని దీనినిబట్టి తెలుస్తున్నది. తూర్పు లడఖ్‌లో సుమారు 5,798 మీటర్ల ఎత్తున సరిహద్దు రహదారుల సంస్థ నిర్మించిన ఉమ్లింగ్ లా రహదారి 2021లో గిన్నిస్ రికార్డు పొందింది.

బోర్డు మీది అంకె కోసం తొందరపడి కనుమ ఎక్కినవారికి, ఒక రోజు ఆలస్యమైనా శరీరం మాట విని ఎక్కినవారికి మధ్య తేడా ఈ మార్గంలో స్పష్టంగా కనిపిస్తుంది. జింగ్‌జింగ్‌బార్ నుండి వెనుదిరిగి, జిస్పాలో రెండు రోజులు విశ్రమించి, మళ్ళీ బయలుదేరి లేహ్ చేరడం ఓటమి కాదు. ఈ దారిని సరిగా అర్థం చేసుకున్నవారి పద్ధతి అదే.